సంచి దాచుకున్న గిరాకి



పోయిన నెల బెంగళూరు నుంచి ఊరికి వస్తూ ఒక పెద్ద మార్టులో దూరాను. మూడు సబ్బులు కొంటే నాలుగోది ఉచితం. నూనె లీటరు మీద మా ఊరి ధర కన్నా తొమ్మిది రూపాయలు తక్కువ. ఆశ ఊరుకుంటుందా? రెండు సంచులు నింపుకొని బాగేపల్లి బస్సెక్కి, అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకొని పాతపాళ్య చేరేసరికి పొద్దు గూకుతోంది. బస్సు దిగితే మా ఇంటికి సెట్టిగారి అంగడి ముందర నుంచే దారి. నేను ఆ దారిన పోలేదు. దేవళం వెనక సందులో దూరి, ఎవరిదో పేడదిబ్బ పక్కగా నడిచి, సంచుల మీద తువ్వాలు కప్పుకొని, పెరటి వాకిట్లోంచి ఇంట్లోకి వచ్చాను.

మా ఇంటామె నన్నూ, నా సంచులనూ చూసి, "ఏమి, దొంగతనం చేసుకోనొచ్చినారా?" అని నవ్వింది.

డబ్బు నాది, సంచి నాది, సబ్బు నాది. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు. మరి ఆ పేడదిబ్బ పక్కన నడవాల్సిన ఖర్మ నాకెందుకు పట్టింది? ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ సిగ్గు గురించే. పెద్ద పెద్ద కంపెనీలు కార్డులిచ్చి, పాయింట్లిచ్చి, పుట్టినరోజుకు మెసేజీలు పెట్టి సంపాదించాలని చూసేది దాన్నే. వాళ్ల యాప్‌ను ఫోన్లోంచి తీసేసినప్పుడు నాకు ఎన్నడూ సిగ్గు వేయలేదు. పదడుగుల అంగడిలో కూర్చున్న సెట్టికి అది ఎట్లా దక్కింది?

మాది సరిహద్దు సీమ. బాగేపల్లి, చింతామణి, చేలూరు, పాతపాళ్య, ఇవన్నీ ఒకప్పుడు కోలారు జిల్లా. 2007లో చిక్కబళ్లాపుర జిల్లా ఏర్పడినప్పుడు అటు చేరాయి. రాష్ట్రం కర్ణాటక, నోట్లో మాట తెలుగు. అంగడి మీద బోర్డు కన్నడంలో ఉంటుంది, బేరం తెలుగులో నడుస్తుంది, ఉద్దర పుస్తకంలో "చెనిక్కాయ నూనె అర లీటరు" అన్న తెలుగు మాట కన్నడ అక్షరాల్లో పడుతుంది. ఈ సీమ యోగి కైవారం తాతయ్య తెలుగు పదాలను కూడా కన్నడ అక్షరాల్లోనే చదువుకొని పాడుకున్నవాళ్లం. మాకు అదేమీ వింత కాదు.

ఇక్కడ "గిరాకి" అన్న మాటకు ఒక విశేషం ఉంది. కోస్తా వాళ్లు "ఉల్లిగడ్డలకు గిరాకీ పెరిగింది" అంటారు. అంటే అక్కడ గిరాకీ సరుకుకు. మా దగ్గర గిరాకి అంటే మనిషి. "పొద్దున్నుంచి ఒక్క గిరాకి రాలేదప్పా" అంటాడు అంగడాయన. నైజీరియా సంతల్లో ఈ పిలుపు ఇంకో మెట్టు పైకి పోయింది. అక్కడ టమాటాలు అమ్మే ఆమె రోజూ వచ్చే మనిషిని "కస్టమర్" అని పిలుస్తుంది. ఆ కొనే మనిషి కూడా అమ్మే ఆమెను "కస్టమర్" అనే పిలుస్తుంది. ఎవరు ఎవరికి గిరాకి? ఇద్దరూ ఇద్దరికీ. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే మా పాలావిడ గుర్తుకొచ్చింది.

మా వైపు పాలకు "వర్తన" అంటారు. కోస్తాలో వాడిక అంటారు, ఆ మాటే. ఫలానా ఇంటికి వర్తన పోస్తున్నానంటే ఊరికే అమ్ముతున్నానని కాదు. ఆవు తన్ని చెంబు ఒలికిపోతే పక్కింటి నుంచి తెచ్చైనా ఆ ఇంటికి పోయాలి. పోయించుకునే ఇల్లు కూడా ఊరికి పోయేముందు ఒక రోజు ముందే చెప్పాలి. చెప్పకుండా తాళం వేసుకొని పోతే ఆ పూట పాలకు డబ్బులు కట్టాల్సిందే. ఆవు వట్టిపోయిన మూడు నెలలు వేరేవాళ్ల దగ్గర పోయించుకోవచ్చు, ఈనగానే మళ్లీ పాత ఇంటికే పాలు. కాగితం లేదు, సంతకం లేదు. తప్పితే కోర్టు లేదు. బావి దగ్గర నలుగురు ఆడవాళ్లు ఉన్నారు, అంతే.

ఇప్పుడు ఊరూరా డెయిరీ సంఘం వచ్చింది. పొద్దునా సాయంత్రం క్యాన్లు పట్టుకొని వరుసలో నిలబడతారు, పాలు నందినికి పోతాయి, వెన్న శాతం చూసి డబ్బు బ్యాంకులో పడుతుంది. మంచిదే. అయినా మా పాలావిడ నాలుగిళ్లకు వర్తన మానలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "సంఘం పాలు కొంటాది సార్, నా బిడ్డ పెండ్లికి రాదు కదా" అంది.

మా చింతామణి తాలూకా కైవారంలో 18వ శతాబ్దంలో పుట్టిన నారాయణప్పను అందరం తాతయ్య అంటాం. యోగి, కవి. తెలుగులోనూ కన్నడంలోనూ రాసినాడు. గాజులమ్మే బలిజ ఇంట్లో పుట్టి, మలారం భుజాన వేసుకొని ఊరూరూ తిరిగినాడని, లాభం తీయడం చేతకాక ఇంట్లో తిట్లు తిన్నాడని మా పెద్దవాళ్లు కథగా చెప్తారు. లాభం తెలియని వర్తకుడి పేరు రెండు వందల ఏండ్లకు పైగా ఈ సీమలో నిలిచి ఉంది. లాభం తెలిసిన వాళ్ల పేర్లు నాకు ఒక్కటీ తెలియవు. అట్లని సెట్టిగారికి యోగం పట్టమని నేను చెప్పబోవడం లేదు, ఆయన ఇల్లు కూడా గడవాలి.

తాతయ్య మాట ఎందుకు తెచ్చానంటే, గాజులమ్మడం లాంటి నమ్మకపు బేరం ఇంకోటి లేదు. పరాయి మనిషి చేతికి చేయి ఇవ్వాలి. నా చిన్నప్పుడు మా వీధికి ఒకామె వచ్చేది. మా అమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకొని, బొటనవేలి కింద కండను మెత్తగా ఒత్తుతూ, గాజును ఒక పక్కగా వాల్చి, మాటల్లో పెట్టి సర్రున పైకి లాగేది. నొప్పి తెలిసేలోపల గాజు మణికట్టు మీద ఉండేది. వీధిలో ఏ ఆడమనిషి చేతి కొలత ఎంతో ఆమెకు నోటికి వచ్చు. ఎవరు నీళ్లోసుకున్నారో, ఎవరు పుట్టింటికి పోయి చిక్కి వచ్చినారో చేయి పట్టుకొంటే చాలు, తెలిసిపోయేది. తెలిసింది పక్క వీధిలో చెప్పేది కాదు. చేతికి ఆరేసి చొప్పున డజను తొడిగినాక ఇంకొక గాజు వేసి, "ఇది నాది" అనేది.

ఆ ఇంకొకటే కొసరు.

తెలుగువాడికి కొసరు అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. తూకం అయిపోయినాక పడే పిడికెడు చెనిక్కాయలు, పూలు మూర కొలిచినాక సాగిన నాలుగు వేళ్లు, బెల్లం కట్టిన పొట్లం పక్కన పిల్లవాడి చేతిలో పెట్టే చిన్న గడ్డ. ఇది మన సొత్తే అనుకునేవాణ్ని. కాదు. నైజీరియాలో దీన్ని "జారా" అంటారు. దక్షిణ ఆఫ్రికాలో "బన్సెలా". ఏ సంతలోనైనా కొన్న మనిషి చేయి చాచి నిలబడితే అమ్మే మనిషి మొహం చిట్లించుకొని, నవ్వుకొని, ఇంత వేస్తుంది. ఆ మొహం చిట్లించడం కూడా బేరంలో భాగమే.

కొసరుకూ మార్టు వాళ్ల నాలుగో సబ్బుకూ తేడా ఉంది. నాలుగో సబ్బు అందరికీ ఒకటే. నేను పోయినా దక్కుతుంది, దారిన పోయే దొంగకైనా దక్కుతుంది. దాని ఖర్చు ముందే మూడు సబ్బుల్లో కలిపి పెట్టినారని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. కొసరు అట్లా కాదు. తూకం సరిపోయినాక, బేరం ముగిసినాక, ఇవ్వనక్కరలేని వేళలో ఇచ్చేది. అందులో మనిషి మొహం చూసే చూపు ఒకటి ఉంటుంది.

కానీ కొసరు మోసానికి కూడా మంచి ముసుగు. కుర్రవాడిగా ఉన్నప్పుడు పట్నంలో ఒక అంగడిలో సరుకు తీసుకునేవాణ్ని. ఆ అంగడాయన గుప్పెడు గుప్పెడు కొసరు వేసేవాడు. "ఎంత ధర్మాత్ముడో" అనుకునేవాళ్లం. ఒకరోజు తూకపు రాయి కింద పడి దొర్లితే, అడుగున సీసం తొలిచిన గుంత కనబడింది. కిలోకు ఎంత కొట్టేవాడో దేవుడికెరుక, అందులోంచే మాకు గుప్పెడు తిరిగిచ్చేవాడు. మా సెట్టిగారి కొసరు మరీ పిసినారి కొసరు. ఇంతే బెల్లం, వేలెడంత. అయితే ఆయన ఏటేటా తక్కెడకు, రాళ్లకు సర్కారు ముద్ర వేయించుకునేవాడు, పెట్టె మూతకు ఆ సర్టిఫికెట్టు అంటించుకునేవాడు. 1958లో శేర్లు, తులాలు పోయి కిలోలు రావడం మొదలైనప్పుడు ఊళ్లో చాలామంది ముసలివాళ్లకు ఆ లెక్క ఎక్కలేదట. సెట్టిగారి నాయన శేరు, కిలో రెండూ గల్లా మీదే పెట్టుకొని, అనుమానమొచ్చిన వాళ్లకు రాగులు రెండిట్లోనూ కొలిచి చూపించేవాడని చెప్పుకుంటారు. కొలత సరిగా ఉన్న చోట వేలెడు బెల్లమైనా కొసరే. కొలత తప్పిన చోట గుప్పెడు వేసినా అది దొంగసొమ్ములో వాటా.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాంటా వచ్చింది. సెట్టిగారి కొడుకు కిలో బెల్లం పెట్టి, ఎర్రంకెలు కిలో దగ్గర నిలవగానే కాంటాను నా వైపు తిప్పుతాడు. నేను చూశానని రూఢి చేసుకొని, ఆ తర్వాత వేలెడు గడ్డ వేస్తాడు. అంకె పదిహేను గ్రాములు పైకి పోతుంది. దాన్ని అతను చూడడు. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి.

ఇక ఉద్దర పుస్తకం. చిన్న అంగడి ప్రాణం అందులోనే ఉంటుంది, చిన్న అంగడిని ముంచేదీ అదే. మా సీమలో వాన చూసి చెనిక్కాయ వేస్తారు, రాగి వేస్తారు. చేతిలో డబ్బు ఆడేది పంట అమ్మినాకనే. టమాటా వేసినవాడికి ధర ఉంటే పండగ, లేకపోతే తోటలోనే వదిలేసి రావడం. ఇట్లాంటి ఊళ్లో "నేడు నగదు, రేపు అరువు" అని బోర్డు పెట్టుకుంటే ఆ అంగడికి కాకులు కూడా రావు. అట్లని అడిగినవాడికల్లా ఇస్తే ఉగాది లోపల తలుపులు మూసుకోవాలి. ఎవరికి ఎంతవరకు ఇవ్వవచ్చో తెలుసుకోవడమే వ్యాపారం. తక్కిందంతా పొట్లాలు కట్టడం.

సెట్టిగారి పుస్తకం పొడుగాటిది, ఎర్రగుడ్డ అట్ట. దీపావళికి పసుపు కుంకుమ పెట్టి కొత్తది తెరుస్తారు. అందులో మా అవ్వకు వేరే పద్దు ఉండేది. ఇంటి పద్దులో కలవనిచ్చేది కాదు. ఆకు, వక్క, ఎప్పుడైనా ఒక కొబ్బరి చిప్ప, మనవళ్లకు బొరుగులు. ఆమెకు కోళ్ల మీద, గుడ్ల మీద వచ్చే డబ్బులుండేవి, వాటితో తీర్చేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అవ్వ చనిపోయింది. కర్మ అయినాక మా నాయన నన్ను వెంటబెట్టుకొని అంగడికి పోయినాడు. "మా అమ్మ లెక్క ఎంతుందో చూడు సెట్టీ" అన్నాడు. నలభై మూడు రూపాయల అరవై పైసలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు, పెద్ద మొత్తమూ కాదు. అంగడి ముందర కట్ట మీద కూర్చున్న వాళ్లలో ఒకరు, "ముసలామె లెక్క కదా, వదిలేయప్పా" అన్నారు. సెట్టిగారు ఆ మాట విననట్టే డబ్బులు లెక్కబెట్టుకున్నాడు. చిల్లర కూడా తీసుకున్నాడు. పద్దు మీద అడ్డంగా గీత గీసి, కింద "చెల్లు" అని రాసి, మా నాయనకు చూపించినాడు. అప్పుడు అన్నాడు: "అవ్వ నా దగ్గర ఎన్నడూ ఊరికే తీసుకోలేదు." ఆ తర్వాత కాగితంలో వేలెడు బెల్లం చుట్టి నా చేతిలో పెట్టినాడు.

ఆ వయసులో నాకు కోపం వచ్చింది, పిసినారి అనుకున్నాను. వదిలేసి ఉంటే అవ్వ ఆయన పుస్తకంలో ధర్మానికి తిన్న మనిషిగా మిగిలేది. అది నాకు తెలియడానికి చాలా ఏండ్లు పట్టింది.

ఇంతా చెప్పి రెండో పక్క చెప్పకపోతే తప్పు. ఉద్దర అంతా ఇంత మర్యాదగా నడవలేదు. విత్తనాలకు, తిండిగింజలకు అప్పిచ్చి, కోత కాకముందే చెనిక్కాయను తన ధరకు తనకే కొలవాలని కట్టడి చేసిన అంగళ్లు ఈ సీమలో తక్కువేం కాదు. వాటి గిరాకీలు కూడా ఏండ్ల తరబడి అంగడి మారలేదు. మారే దిక్కు లేక మారలేదు. కొందరిని మెట్టు కూడా ఎక్కనివ్వక, కింద నిలబెట్టి, చేతికి చేయి తగలకుండా పైనుంచి పొట్లం వదిలిన అంగళ్లూ ఉన్నాయి. ఆ మనుషులు రోజూ వచ్చినారని దానికి నమ్మకమని పేరు పెట్టలేం. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1970ల చివర్లో బాగేపల్లిలో మొదలైన ఆడాట్స్ సంస్థ అండతో ఊరూరా కూలి సంఘాలు లేచాయి. పొదుపు చేసుకొని, తమ డబ్బును తామే అప్పుగా ఇచ్చుకోవడం వాళ్లు నేర్చుకున్నాక కొన్ని అంగళ్ల కట్టడి సడలింది. పోవడానికి ఇంకో అంగడి, తీర్చడానికి చేతిలో డబ్బు ఉన్నవాడు కూడా మళ్లీ మన అంగడికే వస్తే, అప్పుడు వాడు మన గిరాకి.

అంగడి ముందర కట్ట గురించి చెప్పాలి. మూడు నాపరాళ్లు, ఒక వేపచెట్టు. దాని మీద కూర్చున్నవాళ్లలో సగం మంది ఏమీ కొనరు. ఏ మార్టు మేనేజరైనా చూస్తే ముందు వాళ్లను లేపి పంపించేస్తాడు. కానీ బెంగళూరు పోయే బస్సు ఎంత లేటో అక్కడే తెలుస్తుంది. ఇంటి తాళంచెవి అక్కడే ఇచ్చి పోతారు. బాగేపల్లి మందులషాపు నుంచి బస్సు కండక్టరు తెచ్చిన మందుల సంచి అక్కడే దిగుతుంది. ఎవరి బోరు ఎండిందో, ఎవరి గొర్రెలు ఎవరి చేలో పడినాయో, ఏ పిల్లకు ఏ ఊరి సంబంధం వచ్చిందో, అన్నిటికీ అదే కచేరి. గిరాకీలు అంగడితో ఎంత ముడిపడతారో అంతకన్నా ఎక్కువ ఒకరితో ఒకరు ముడిపడేది అక్కడ. అంగడి మారడం సులభం. కట్ట మారడం కష్టం.

ఉగాది చీటీ కూడా ఈ కట్ట మీదే పుట్టింది. ముప్పై ఇళ్లవాళ్లు నెలనెలా ఇంత అని అంగడిలో కడతారు. పండగకు వారం ముందు ప్రతి ఇంటికీ ఒబ్బట్లకు శనగబేడలు, బెల్లం, మైదా, నూనె, పైన ఒక స్టీలు గిన్నె. సెట్టికి మొత్తం సరుకు ఒకేసారి టోకున దొరుకుతుంది, ఇళ్లకు పండగ నాడు అప్పు తప్పుతుంది. దక్షిణ ఆఫ్రికాలో దీన్ని స్టోక్‌వెల్ అంటారు. ఏడాది పొడుగునా పొదుపు చేసి డిసెంబరులో బస్తాలకు బస్తాలు సరుకు కలిసి కొని పంచుకునే సంఘాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. కెన్యాలో ఇట్లాంటి గుంపును "చామా" అంటారు. అక్కడివాళ్లు డబ్బును "పెసా", అంగడిని "దుకా" అంటారు. మన పైసా, మన దుకాణమే సముద్రం దాటిపోయి అక్కడ కాపురం పెట్టాయి. 2007లో ఫోన్లో డబ్బు పంపే ఎం-పెసా అక్కడ మొదలైనప్పుడు ఊరూరా ఏజెంట్లయినవాళ్లలో చాలామంది ఇట్లాంటి చిన్న దుకాలవాళ్లే. డబ్బు కంటికి కనబడకుండా ఫోన్లోకి పోతుందంటే ఎవరు నమ్ముతారు? తెలిసిన అంగడాయన "నేనున్నా కదా" అన్నాడు గనుక నమ్మినారు.

చీటీ ఎత్తుకొని రాత్రికి రాత్రి ఊరు విడిచిన మహానుభావులు మన దగ్గర కూడా ఉన్నారు. మా చుట్టాలే ఒక పట్నంలో అట్లా పోగొట్టుకున్నారు. ఆ చీటీ నడిపినాయన అంగడి ముందర కట్ట లేదని తర్వాత తెలిసింది. ఇది నా సొంత సిద్ధాంతం, పట్టించుకోకండి.

ఆఫ్రికా మాట ఎత్తాను గనుక అక్కడి మనవాళ్ల కథ ఒకటి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. చెరుకుతోటల్లో అయిదేండ్ల ఒప్పందం మీద పోయిన మొదటి కూలీలు అందులో ఉన్నారు. ఆ తర్వాత ఏండ్ల తరబడి పోయిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లు కూడా వేలమంది దిగారు. వాళ్ల పిల్లలు, మనవళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఒప్పందం తీరినాక చాలామంది తిరిగి రాలేదు. చిన్న ముక్క నేల కౌలుకు తీసుకొని కూరగాయలు పండించి, కావడికి రెండు గంపలు కట్టి, ఇంటింటికీ తిరిగి అమ్మినారు. వాళ్లు కలిసే బజారు ఒకటి పెరిగి, 1934లో డర్బన్‌లోనే వారిక్ అనే చోటికి మారింది. పేరు ఎర్లీ మార్నింగ్ మార్కెట్. మన మాటలో తెల్లవారుజాము సంత. రైళ్లు, బస్సులు, టాక్సీలు కలిసే చోటు అది. రోజూ లక్షలమంది దాని పక్కగా పోతారు. మనవాళ్ల మూడో తరం, నాలుగో తరం బల్లల పక్కనే జూలూ తల్లుల బల్లలు, తోపుడుబళ్లవాళ్లు.

2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ముందు, 2009లో, నగరపాలకులు ఆ సంతను తీసేసి మాల్ కట్టాలని చూశారు. ఆ మాల్ బొమ్మ అందంగానే ఉండి ఉంటుంది. బల్లలవాళ్లు ఒప్పుకోలేదు. బళ్లు తోసేవాళ్లు, బయట చాపల మీద అమ్మేవాళ్లు తోడు వచ్చారు. కేసులు నడిచాయి. చివరకు 2011లో ఆ నిర్ణయాన్ని నగరం వెనక్కి తీసుకుంది. సంత ఉంది. ప్లాస్టిక్ గిన్నెలో పేర్చిన టమాటా కుప్పను సంచిలో దొర్లించి, పైన ఒక టమాటా బన్సెలా వేసే చేతులు అక్కడ ఇంకా ఉన్నాయి. ఇంటికి పోయే దారిలో ఒక కుప్ప ఉల్లిగడ్డ, ఒక కట్ట ఆకు కొనుక్కునే మనిషికి మాల్‌లో ఏముంది? ప్లాస్టిక్ తొడుగు, వరుస, తెలియని మొహం. మన సంతలో కూడా "కుప్ప పది" అంటారే, అదే లెక్క. కిలో కొనలేని రోజు కూడా మనిషి మనిషిగానే నిలబడి బేరం ఆడే చోటది.

నేను సంచి దాచుకున్న సంగతికి వస్తాను. సెట్టిగారి అంగడిలో ఇప్పుడు ఒక చిన్న పెట్టె ఉంది. ఫోన్లో డబ్బు వేస్తే అంత వచ్చిందని కన్నడంలో అరుస్తుంది. ఆ అంగడిలో కన్నడం మాట్లాడేది అదొక్కటే. ఉద్దర పుస్తకం మాత్రం పోలేదు. కొడుకు చదువుకున్నవాడు, ఫోన్లోనూ రాసుకుంటాడు, ఎర్రగుడ్డ పుస్తకంలోనూ రాస్తాడు. "ఫోన్ చూపిస్తే ముసలోళ్లు నమ్మరు సార్, పుస్తకం తిప్పి చూపించాల" అంటాడు.

నిన్న సాయంత్రం చక్కెర కోసం పోయాను. కొడుకు పొట్లం కడుతూ తల ఎత్తకుండా అన్నాడు: "ఆ పొద్దు దేవళం వెనక సందులో పోతిరంట కదా సార్."

నాకు నోట మాట రాలేదు. సెట్టిగారు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఎనభైకి దగ్గర పడినాడు, చూపు తగ్గింది. తగ్గిందనే నేను అనుకున్నాను.

"నూనె అక్కడ ఎంత పడింది సార్?" అని కొడుకు అడిగినాడు. చెప్పాను. క్యాలెండరు వెనక రాసుకున్నాడు. "డీలరు మాకు ఇచ్చేదే దాని కన్నా రెండు రూపాయలు ఎక్కువ. వాళ్లతో ఎట్లా పోతాము?" అన్నాడు. పురికొసను పటుక్కున తెంపి, కాసేపు ఆలోచించుకొని, "మీ వీధిలో పదిమంది కలిసి నెలనెలా డబ్బాలు తీసుకుంటామంటే, నేనే చింతామణి పోయి మిల్లు నుంచి చెనిక్కాయ నూనె ఎత్తుకొస్తా. ధర కూడా నలుగురి ముందరే కట్ట మీద తేల్చుకుందాం" అన్నాడు. కట్ట మీద ఇద్దరు అప్పటికే లెక్కలు వేయడం మొదలుపెట్టినారు.

సెట్టిగారు అప్పుడు నోరు విప్పినాడు.

"సబ్బులు ఎన్ని తెచ్చినావు?"

"నాలుగు."

"సరే. అవి అరిగిపోయినాక రా."